వేపమండల వారం

కాలింగ్ బెల్లులో పిచ్చుక కూత పెట్టాలన్న ఆలోచన మొదట ఎవరికి వచ్చిందో గానీ, ఆయన జన్మలో పిచ్చుకను విని ఉండడు. పిచ్చుక చిన్నగా, ఆగి ఆగి, తన పని తాను చూసుకుంటూ పలుకుతుంది. బెల్లులో పిచ్చుక మాత్రం ఎవరో దాని తోక తొక్కినట్టు ఊపిరి తీసుకోకుండా అరుస్తుంది. కొత్తగూడలో మేం కిరాయికి దిగిన ఇంటికి అలాంటిది ఒకటి బిగించి ఉండేది. మాకు ముందున్నవాళ్ళు ఫ్యాన్లు, బల్బులు, చివరికి తలుపు వెనక మేకులు కూడా పీక్కుపోయి, దాన్ని మాత్రం వదిలేసి వెళ్ళారు. ఎందుకో నాకు రెండు రోజుల్లో అర్థమైంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నేను ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసేవాణ్ణి. అలాంటి దానికి అప్పటికింకా ఒక పేరంటూ లేదు. చూసినవాళ్ళు నిరుద్యోగం అనేవారు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, చూసినదంతా ఒక యంత్రంలోకి చెప్పేవారు. ఆ మాటలు ఫోను తీగ మీద పొద్దున్నే మా ఇంటికి వచ్చేవి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి సాయంత్రం అయిదులోపు పంపాలి. మాట ఆపడానికి, వెనక్కి తిప్పడానికి కాలి కింద ఒక పెడలు ఉండేది. ఇంటి యజమానురాలు మొదటిసారి కిటికీలోంచి చూసి, "కుట్టుమిషన్ తొక్కుతున్నవా బిడ్డా? బట్టేదీ?" అని అడిగింది. బట్ట అమెరికాలో ఉందని చెప్పాను. ఆమె జాలిగా తలాడించి వెళ్ళిపోయింది.

అంతకు ముందు మూడేళ్ళు జీడిమెట్లలో మందుల ముడిసరుకు తయారుచేసే చోట కెమిస్టుగా ఉన్నాను. ప్రపంచానికి దగ్గు మందు తయారుచేసి, దగ్గు మాత్రం ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. నా భార్య నర్సు. ఒక రోజు నా వీపు మీద చెవి పెట్టి విని, మర్నాడు తను పనిచేసే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి పెద్ద డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఆ ఉద్యోగమో ఈ ఊపిరితిత్తులో ఏదో ఒకటి ఉంచుకోమన్నారు. మర్యాదగానే చెప్పారు. నేను రెండో దాన్ని ఎంచుకున్నాను.

టైపు పని ఇచ్చిన కంపెనీ అమీర్‌పేటలో ఉండేది. వాళ్ళ ఆఫీసులో కుర్చీలు చాలక, ప్రయోగంగా కొందరికి పని ఇళ్ళకు ఇచ్చారు. కంప్యూటరు వాళ్ళదే, ఫోను లైనూ వాళ్ళదే. మూడు నెలల గడువు. ఈలోపు మూడుసార్లు ఆలస్యమైతే వ్యాను వచ్చి అన్నీ పట్టుకుపోతుంది. ఆ తర్వాత నాకు తెరిచి ఉండే తలుపు జీడిమెట్లది ఒక్కటే. పాత యజమాని, పాపం, ఎప్పుడు కావాలన్నా రమ్మన్నాడు.

పని మొదలుపెట్టిన రోజు పెడలు మీద కాలు పెట్టాను. హెడ్‌ఫోన్లలో ఎవరో గొంతు సవరించుకున్నారు. భూగోళానికి అటు వైపున, నేను ఎప్పటికీ చూడని గదిలో, నేను ఎప్పటికీ కలవని మనిషి దగ్గి, కాగితం తిప్పి, ఒక ముసలావిడ గుండె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గుండె ఏ పక్క బలహీనంగా ఉందో, ఎక్కడ అడ్డు ఉందో, అన్నీ. లుంగీ కట్టుకుని, కొత్తగూడలో, పక్కింటి బర్రెల పేడ వాసన మధ్య కూర్చుని నేను ఆ గుండెను అక్షరం అక్షరం పట్టుకుంటున్నాను. నేను ఒక మాట తప్పు వింటే అక్కడ ఒక మందు మారిపోతుంది. చర్చిలో కూడా నేను అంత ఒద్దికగా కూర్చున్నది తక్కువ. ఆ అరగంట పిచ్చుక అరవలేదు. తర్వాత అరిచింది.

తప్పు నాదే. లైను వచ్చిన కొత్తలో, ఇంటి యజమానురాలి కూతురు సంగారెడ్డి నుంచి ఫోను చేసుకోవడానికి మా నంబరు ఇచ్చాను. అప్పట్లో పక్కింటి ఫోను నంబరు మన నంబరుగా రాసి పక్కన పీపీ అని పెట్టుకోవడం మామూలే. నెల తిరిగేసరికి మా వీధిలో ప్రతి రేషను కార్డు దరఖాస్తు మీద, పెళ్ళి సంబంధం కాగితం మీద, స్కూలు డైరీ మీద మా నంబరే ఉంది. ఎవరెవరి మేనమామలో నన్ను పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టారు. నాలుగో ఇంటావిడ తమ్ముడు దుబాయి నుంచి పదింటికి చేస్తానంటే ఆవిడ తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చునేది. అప్పుడే ఫైళ్ళు దిగుతుండేవి. ఫైళ్ళు దిగుతున్నంతసేపు ఫోను మోగదు. ఆవిడ నన్ను, ఫోనును, గడియారాన్ని మార్చి మార్చి చూసేది. ఇక చూడలేక నేను లైను తెంపేవాణ్ణి. తెంపితే ముప్పావు దిగిన ఫైలు మళ్ళీ మొదటి నుంచి దిగాలి. తమ్ముడు మాట్లాడి పెట్టేసరికి పదిన్నర.

ఇది గాక, ఇంట్లో ఉండే మగవాడు అంటే వీధి మొత్తానికి ఉమ్మడి ఆస్తి. గ్యాసు సిలిండరు వస్తే దింపించాలి. మోటారు ఆపేయాలి. "జర పాలు చూడు బిడ్డా" అని స్టవ్వు మీద పాలు అప్పగించి వెళ్ళేవారు. నేను ఎవరినీ కాదనలేదు. నాకు మర్యాద ఎక్కువని అనుకునేవాణ్ణి. భయం అని నా భార్య అనేది.

టైంటేబుల్ వేసుకుంటే సరిపోతుందని ఒక ఆదివారం డ్రాయింగు షీటు తెచ్చి, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో గళ్ళు గీశాను. ఎనిమిది నుంచి తొమ్మిది, ఫైళ్ళు దింపుట. తొమ్మిది నుంచి పదకొండు, మొదటి విడత. పదకొండు నుంచి పదకొండు పది, టీ. ఒంటిగంటన్నర నుంచి ఒంటిగంట నలభై అయిదు వరకు, ఆకుపచ్చ రంగులో, మానసిక ప్రశాంతత. గోడకు అంటించాక నా భార్య చాలాసేపు చూసి, "ప్రశాంతతకు పావుగంట సరిపోతుందా అండీ?" అంది. మొదటి రోజు ఒంటిగంటన్నరకు నేను మూడో ఇంటి సిలిండరు మెట్లెక్కిస్తున్నాను.

ఆ వారంలోనే ఒకసారి ఆలస్యమైంది. పై వారం రెండోసారి. కంపెనీలో పని చూసే అమ్మాయి ఫోను చేసింది. గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది. "సర్, మీది సెకండ్ లేట్ అండి. ఇంకోటి అయితే నా చేతుల్లో ఏం ఉండదు," అంది. గడువు ముగియడానికి ఇంకా వారం ఉంది. ఆ సాయంత్రం నాకు దగ్గు వచ్చింది. జీడిమెట్ల నుంచి ఎవరో పలకరించినట్టు అనిపించింది.

ఇంటి యజమానురాలి గురించి చెప్పాలి. ఆమెది ఆ ఊరే. హైటెక్ సిటీ భవనాలు లేచిన రాళ్ళ మధ్యే ఒకప్పుడు ఆమె మేకలు మేపింది. ఒకే ప్రహరీ లోపల ముందు మా రెండు గదులు, వెనక ఆమె ఇల్లు, పక్కన నాలుగు బర్రెలు. పొద్దున, మధ్యాహ్నం మూడింటికి పాలు పిండి, సైకిలు మీద కొండాపూర్‌లో కొత్తగా లేచిన అపార్టుమెంట్లకు పంపేది. ఆమె ఇంట్లో గడియారం ఉంది గానీ అది నడవదు. నడిచే గడియారం ఆమే. ఒకసారి స్థలం బేరానికి ఒకాయన తెల్ల కారులో వచ్చాడు. బర్రె అప్పుడే చేపుకొచ్చింది, పాలు దిగుతున్నాయి. ఆమె తల కూడా తిప్పలేదు. ఆయన చేతికి దూడ తాడు ఇచ్చి నిలబెట్టింది. పది నిమిషాలు ఆయన బూట్లతో పేడలో నిలబడి తాడు పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, పెడలు మీద కాలు పెట్టడం మరిచిపోయాను. చదువు రాని ఆమె దగ్గర రోజు మొత్తం వరసలో నిలబడుతుంది. డిగ్రీ ఉన్న నా దగ్గర పావుగంట కూడా నిలవదు.

సోమవారం పొద్దున నా భార్య ఏడింటి బస్సుకు డ్యూటీకి వెళ్ళింది. నేను కిరాణా దుకాణం దాకా నడిచి వస్తుంటే, వెనక వీధిలో ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల ఎవరికో ఆటలమ్మ పోసింది. ఆ ఇంటి ముందుకు రాగానే మనుషులు గొంతు తగ్గించి, పక్కకు జరిగి నడుస్తున్నారు. కూరగాయల బండివాడు అరవడం ఆపి, ఇల్లు దాటాక మళ్ళీ అందుకున్నాడు. నేను ఆ గుమ్మం ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాను. ఏ టైంటేబుల్‌కీ లేని బలం ఆ రెండు కొమ్మలకు ఉంది.

దారిలో వేపచెట్టు ఉంది. కొమ్మలు చేతికందే ఎత్తులోనే ఉన్నాయి. ఇంతకంటే వివరంగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎనిమిదింటికి ఫైళ్ళు దింపడం మొదలుపెట్టాను. ఎనిమిదిన్నరకు గేటు చప్పుడైంది, మెట్ల దాకా అడుగులు వచ్చాయి, ఆగాయి. కాసేపటికి యజమానురాలి గొంతు, ఎప్పుడూ విననంత మెత్తగా, బయటి నుంచే అడిగింది. "తల్లి వచ్చిందా బిడ్డా?"

నేను అబద్ధం చెప్పలేదు. దగ్గాను. నిజం దగ్గే.

"అయ్యో," అంది ఆమె. "మీరు చర్చికి పోయేటోల్లు. అయినా అమ్మకు ఆ ఫరక్ ఉండదు బిడ్డా. అందరూ ఆమె పిల్లలే. నువ్వు పండుకో. ఫికర్ చేయకు."

తర్వాత జరిగింది ఇప్పటికీ నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాదు. వీధి ఆగిపోయింది. పదింటికి నాలుగో ఇంటావిడ రాలేదు. మిక్సీలు ఆగాయి. పోపు వాసన రాలేదు. అమ్మవారు ఉన్న ఇంటి చుట్టుపక్కల పోపు పెట్టకూడదట. బండి ఉన్న ఎదురింటి కుర్రాడు ఇంజను ఆపి, వీధి చివరి దాకా నెట్టుకుంటూ వెళ్ళాడు. పిల్లలు ఆడుకోవడానికి రాళ్ళ గుట్ట అవతలికి పోయారు. ఆ నిశ్శబ్దంలో దూరంగా హైటెక్ సిటీ వైపు కడుతున్న భవనాల దగ్గర ఇనుము మీద సుత్తి దెబ్బ వినిపించింది. అది ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది. నాకు వినబడడం అదే మొదలు.

మూడింటికి ఏడు ఫైళ్ళు పంపాను. అయిదింటి గడువుకు మూడింటికి. ఒంటిగంటన్నరకు కళ్ళు మూసుకుని పదిహేను నిమిషాలు కూర్చున్నాను. ప్రశాంతతకు పావుగంట సరిపోతుంది.

సాయంత్రం నా భార్య గేటు దగ్గరే ఆగిపోయింది. మండలు చూసి పరుగున వచ్చి, నా చొక్కా గుండీలు తీసి, ఛాతీ, వీపు, చెవుల వెనక అన్నీ వెతికింది. ఒక్క పొక్కు దొరకలేదు. సంగతి చెప్పాను. ఆమెకు నవ్వు వచ్చింది, ఆపుకుంది, తర్వాత నవ్వు నిజంగానే పోయింది. "మీ మొహమాటానికి వాళ్ళ అమ్మవారిని కాపలా పెట్టారా?" అంది. నేను శనివారంతో గడువు అయిపోతుందని, అప్పటిదాకా ఉండనిమ్మని అన్నాను. ఆమె నా వీపు మీద చెవి పెట్టి కాసేపు విన్నది. మండలు మాత్రం తీయమనలేదు.

మంగళవారం నుంచి గుమ్మం ముందు చెంబుడు పసుపు నీళ్ళు, గిన్నెడు మజ్జిగ ఉండేవి. ఎప్పుడు పెట్టేదో తెలియదు. అడుగుల చప్పుడు కూడా వచ్చేది కాదు. నేను ఆ మజ్జిగ తాగి, డాక్టర్ల మాటలు వినేవాణ్ణి. వాళ్ళ గొంతుల వెనక ఇదివరకు వినని ఎన్నో వినబడేవి. ఒకాయన కిటికీ దగ్గర వర్షం పడుతోంది. ఒకాయన వాక్యం మధ్యలో ఆగి, పిల్లవాడి రిపోర్టు అది, గట్టిగా ఊపిరి వదిలి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ ఊపిరిని టైపు చేయడానికి కంపెనీ నియమాల్లో చోటు లేదు. నేను ఒక నిమిషం పెడలు ఆపి కూర్చున్నాను. ఇంత దూరం నుంచి, ఇంత సన్నని తీగ మీద, అది కూడా వచ్చింది గదా అని.

గురువారం మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే పాల క్యాన్లు కడిగి, గోడవారగా బోర్లించి ఉన్నాయి. సైకిలు స్టాండు వేసి ఉంది. మూడు దాటింది. బర్రెల దగ్గర ఆమె ఉంది గానీ, ఎప్పటిలా పిండడం లేదు. దూడలను వదిలేసింది. అవి కడుపు పగిలేలా తాగుతున్నాయి. మిగిలింది కొంచెం పిండి, కుండలో తోడు పెడుతోంది.

సాయంత్రం నా భార్య సంగతి తెలుసుకుని వచ్చింది. ప్రహరీ ఒకటే కాబట్టి, గడప ఒకటే లెక్క. తల్లి ఇంట్లో ఉండగా పాలు గడప దాటకూడదు. సోమవారం నుంచి ఒక్క చుక్క బయటికి పోలేదు. కొండాపూర్ అపార్టుమెంట్ల వాళ్ళు రెండు రోజులు చూసి ప్యాకెట్లకు మారారు. ప్యాకెట్లకు అలవాటు పడినవాళ్ళు మళ్ళీ వస్తారో రారో తెలియదు. ఇదంతా నా భార్యకు చెప్పింది యజమానురాలు కాదు, నాలుగో ఇంటావిడ. యజమానురాలు మాత్రం నాకు జ్వరం తగ్గిందా అని అడిగిందట.

"ఇప్పుడే వెళ్ళి చెప్పండి," అంది నా భార్య.

వెళ్ళాలి. నాకు తెలుసు. శుక్రవారం తొమ్మిది ఫైళ్ళు ఉన్నాయి. చెబితే పది నిమిషాల్లో వీధికి తెలుస్తుంది, పదింటికి దుబాయి మోగుతుంది, అయిదింటికి మూడో ఆలస్యం. చేతిలో ఉన్న ఊపిరిని నాలుగు బర్రెల పాలతో తూచాను. ఎటు మొగ్గిందో చెప్పుకోవడం గొప్ప కాదు. శుక్రవారం కూడా మండలు గుమ్మానికే ఉన్నాయి. వాటిలో ఆకు వాడిపోతే, నేను నిద్ర లేచేసరికి ఎవరో తాజావి మార్చి కట్టారు.

శనివారం పదకొండింటికి కంపెనీ అమ్మాయి ఫోను చేసింది. "కంగ్రాట్స్ సర్. ఈ వారం అందరిలో మీవే ముందు వచ్చాయి. మీకు కంటిన్యూ చేస్తున్నాం. ఏం మార్చారు సర్, షెడ్యూలా?" అంది. అలాంటిదే అన్నాను.

ఫోను పెట్టేసి మండలు విప్పి, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని వెనక ఇంటికి వెళ్ళాను. ఆమె వాకిట్లో కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, పెద్ద గంగాళంలో పసుపు, వేపాకు వేసిన నీళ్ళు ఎండకు పెట్టి ఉంచింది. పక్కన కొత్త కుండ నిండా పెరుగన్నం. వారం పాలు ఆ కుండలోకి వచ్చాయి. నన్ను చూసి ఆమె మొహం వెలిగింది. ఈ రోజు నాకు తలకు పోసి, ఆ కుండ నెత్తిన పెట్టుకుని పోచమ్మ గుడికి నా పేరున తనే పోతుందట. చెప్పుల్లేకుండా పోవాలట. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

నేను గంగాళం ముందు నిలబడి చెప్పాను. మొత్తం చెప్పాను. ఫైళ్ళు, దుబాయి, జీడిమెట్ల, మూడో ఆలస్యం, వెనక వీధి గుమ్మం, దగ్గు. క్యాన్లు గురువారమే చూశానన్నది కూడా. ఎన్ని జోకులు వేసే నోరో, ఒక్కటీ రాలేదు.

నా తలకు పోయడానికి నీళ్ళు ముంచిన ముంతను ఆమె విన్నంతసేపు ఎత్తి పట్టుకునే ఉంది. తర్వాత దాన్ని గంగాళం అంచు మీద పెట్టింది. కోపం కోసం ఆమె మొహంలో వెతికాను. తిడితే బాగుండు అనిపించింది. కుండ మీద గుడ్డ సరిచేసింది. నా చేతిలోని వేపమండలు తీసుకుని, కింద పడకుండా జాగ్రత్తగా కుండ మీద పెట్టింది. అబద్ధానికి కట్టినవే అయినా, అవి అమ్మవే. కుండ నెత్తికెత్తుకుంది. అమ్మకు మొక్కింది మొక్కిందే, నాకు పోసినా పోయకపోయినా అది గుడికి పోవాల్సిందే, ఆ మాత్రం నాకే అర్థమైంది.

గేటు దాకా నడిచి, మెడ తిప్పలేదు గానీ ఆగింది.

"ఫోనుకు రాకుండ్రి, నాకు పనున్నది అని ఒక్కనాడన్న అన్నవా బిడ్డా? అంటే మేం వస్తుంటిమా?"